అంకణం అంటే ఎన్ని అడుగులు?

మా బావమరిది నాయుడుపేటలో ఇంటి స్థలం కొన్నరోజు నేను పక్కనే ఉన్నాను. కాబట్టి జరిగినదాంట్లో సగం తప్పు నాది. బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని బేరం. అమ్మే మనిషి తిరుపతి వైపు నుంచి వచ్చిన ఏజెంటు. "ముప్పై అంకణాలు సార్. అంకణం పాతిక వేలు. మీరు కాబట్టి ఈ రేటు" అన్నాడు. మావాడు ఫోన్లో లెక్క వేశాడు, ఏడున్నర లక్షలు. నా వంక చూశాడు. నేను తల ఊపాను.

ఆ తల ఊపుడు ఖరీదు 120 గజాలు.

స్థలం చూడకుండా కొన్నాడనుకోకండి. రెండుసార్లు వెళ్లి చూశాడు. కానీ చుట్టూ ఖాళీ పొలం, మధ్యలో నాలుగు రాళ్లు. అలాంటి చోట నూట ఇరవై గజాలకీ రెండు వందల నలభైకీ తేడా కంటికి ఆనదు. రిజిస్ట్రేషన్ అయ్యాక ప్రహరీ కట్టిద్దామని మేస్త్రిని తీసుకెళ్లాం. అతను టేపు లాగాడు. ఇటు ముప్పై అడుగులు, అటు ముప్పై ఆరు. టేపు చుట్టేస్తూ, మామూలుగా అడిగాడు: "ముప్పై అంకణాలంటిరే, ఇది పదిహేనే గదా సార్?"

అసలు సంగతి ఇది. నెల్లూరు లెక్కలో అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి లెక్కలో అంకణమంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. మాట ఒకటే, కొలత సగం. పూర్వం ఇంట్లో రెండు దూలాల మధ్య జాగాని అంకణం అనేవారు. ఎవరి ఊళ్లో దూలాలు ఎంత ఎడంగా వేసుకుంటే వారి అంకణం అంత అయి ఉంటుందని నా ఊహ. ఇటు నెల్లూరు, అటు తిరుపతి, దిగువన చెన్నై. ఈ మూడు దారుల మధ్య ఉంది నాయుడుపేట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా ఒక్కరోజులో మారింది గాని జనం నోట్లో లెక్క మారలేదు. ఊళ్లో పెద్దలు నెల్లూరు అంకణమే పట్టుకున్నారు. తిరుపతి నుంచి వచ్చే ఏజెంటు తన అంకణం తను తెచ్చుకుంటాడు.

మావాడు గొడవకు బయల్దేరాడు. నేను దస్తావేజు తీసి చూశాను. "120 చదరపు గజములు" అని నిక్షేపంగా ఉంది. తిరుపతి లెక్కన అవి అచ్చంగా ముప్పై అంకణాలే. ఎవరూ అబద్ధమాడలేదు. గజం మూడు వేల చిల్లర అనుకుని ఆరు వేల చిల్లర పెట్టి కొన్నాడు, అంతే. సంతకం పెట్టేముందు ఆ అంకె మేమిద్దరం చదివాం కూడా. చదివి, దాన్ని ఎనిమిదితో భాగించి చూడాలని తోచలేదు.

ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ రోజు. ఆస్తి వ్యవహారాల్లో మోసపోయినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు తక్కువ. తెలియని మాట వినబడగానే తెలిసినట్టు మొహం పెట్టేవాళ్లు ఎక్కువ. పదివేల ఫోను కొనేటప్పుడు కొట్టువాడిని పది ప్రశ్నలు వేసే మనం, పది లక్షల స్థలం దగ్గర "ఆఁ ఆఁ, తెలుసు తెలుసు" అంటాం. అడిగితే చిన్నబోతామేమోనని. ఎదుటివాడు బేరం పెంచుతాడేమోనని కూడా. నా అనుభవంలో జరిగేది తిరగేసి ఉంటుంది. "అంకణం అంటే మీ లెక్కన ఎన్ని అడుగులండీ?" అని ఒక్కసారి అడిగితే ఏజెంటు కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు.

కొలతల సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఎకరా అంటే 4,840 గజాలు, ఎకరాకి వంద సెంట్లు. సెంటు 48.4 గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. నెల్లూరు లెక్కన సెంటుకి ఆరు అంకణాల పైచిలుకు, తిరుపతి లెక్కన పన్నెండు పైచిలుకు. చెన్నై వాళ్లు వస్తే "గ్రౌండు" అంటారు, అది 2,400 చదరపు అడుగులు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అల్లుడు గుంటల్లో మాట్లాడతాడు, గుంట 121 గజాలు. ఇవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. ఎవరు ఏ కొలత చెప్పినా "గజాల్లో చెప్పండి" అని, వాళ్లు చెప్పిన అంకెను మీ చేత్తో కాగితం మీద రాసి, వాళ్లకే చూపించండి. నోటి మాటతో గొడవ పడొచ్చు గాని రాసిన అంకెతో పడలేరు.

అపార్ట్‌మెంట్లయితే ఇదే తంతు ఇంకో వేషంలో. ప్రకటనలో ఉండే పెద్ద అంకె సూపర్ బిల్టప్. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వాటా కూడా కలిపేస్తారు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో కచ్చితంగా చెప్పింది: బయటి గోడలు, బాల్కనీ, డాబా తీసేయగా మిగిలిన లోపలి వాడకపు జాగా, లోపలి అడ్డగోడలతో సహా. చాప పరచగలిగిన చోటు అనుకోండి. ధరను దాంతో భాగించి చూడండి. ఇంకా "భూమిలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలు?" అని కూడా అడగండి. భవనం పాతబడుతుంది, చివరికి మీ పేరున మిగిలేది ఆ గజాలే.

ఇక కాగితాలు. ఇక్కడ మాటలు మరీ బరువుగా ఉంటాయి. వాటి వెనక ఉన్న ప్రశ్నలు మాత్రం పెళ్లి సంబంధం చూసేటప్పుడు అడిగేవే. ఎవరి పిల్ల, ఎక్కడి నుంచి వచ్చారు, అప్పులేమైనా ఉన్నాయా?

ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేవి లింకు డాక్యుమెంట్లు. ఇప్పుడు అమ్మేవాడికి ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరిచ్చారు అని వెనక్కి వెళ్లే గొలుసు అన్నమాట. మధ్యలో ఒక లంకె తెగితే, అంటే తండ్రి పోయాక అన్నదమ్ములు నోటి మాటగా పంచుకుని, వాళ్లలో ఒకడు అమ్మేస్తే, మిగతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఏనాడైనా వచ్చి నిలబడొచ్చు. "మా చెల్లెళ్లు ఏమనుకోరు" అనే మాట విన్నారంటే, ఆ చెల్లెళ్ల సంతకాలు కూడా కావాలని అర్థం.

అప్పుల సంగతి చెప్పేది ఈసీ, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. దీన్ని జనం అతిగా నమ్ముతారు. "ఈసీ క్లీన్" అనగానే ఊపిరి పీల్చుకుంటారు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా అందులో ఉండదు. తెల్ల కాగితం మీద ఇంకొకరికి రాసిచ్చిన అగ్రిమెంటూ ఉండదు. కోర్టులో నడుస్తున్న దావా సాధారణంగా కనబడదు. ఆన్‌లైన్లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఆస్తి ఏ పరిధిలో ఉండేదో తెలుసుకుని ఆ ఆఫీసులోనే అడగాలి. ఈసీని ఆ ఇంటి మీద ఉన్న పోలీసు రికార్డు అనుకోండి. కేసులు లేవంటే మంచివాడని కాదు, దొరకలేదని కూడా కావచ్చు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది కనుక హక్కు ఖాయమైపోయిందనుకోవడం ఇంతకంటే పెద్ద భ్రమ. మన దేశంలో సబ్‌రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. అమ్మినవాడికి అసలు హక్కుందా లేదా అన్నదానికి ప్రభుత్వం పూచీ పడదు. ఆ పూచీ ఇస్తామంటూ ఆంధ్రప్రదేశ్‌లో ఒక భూహక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దాని మీద పెద్ద దుమారం రేగింది, 2024లో రద్దయింది. అంటే పాత పద్ధతే: కొనేవాడే చూసుకోవాలి.

భూమి రికార్డుల్లో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే మాట చుక్కల భూమి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, ఆర్.ఎస్.ఆర్. అంటారు దాన్ని, హక్కుదారు పేరు ఉండాల్సిన గడిలో పేరు తెలియకపోతే చుక్కలు పెట్టి వదిలేశారు. నెల్లూరు వైపు ఇలాంటివి విస్తారంగా ఉన్నాయి. వందేళ్ల కింద ఎవరో గుమాస్తా కలం ఆపి చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల పుణ్యమా అని తాతల నాటి నుంచి దున్నుకుంటున్న రైతు కూడా అమ్ముకోలేక తిరిగాడు. దీన్ని సరిదిద్దడానికే 2017లో చుక్కల భూముల చట్టం చేశారు. మీరు కొనే సర్వే నంబరుకు ఆ చరిత్ర ఉంటే, దాన్ని పరిష్కరించిన ఉత్తర్వు చేతికిచ్చేవరకు అడ్వాన్సు ఇవ్వకండి.

దీనికి అన్న లాంటిది డీకేటీ పట్టా. దరఖాస్తు మీద పేదలకు సాగుకు ఇచ్చిన భూమి అది. అసైన్డ్ భూమి అన్నా అదే కుటుంబం. 1977 నాటి చట్టం ప్రకారం ఇలాంటి భూమి అమ్మకం చెల్లదు. కొన్నవాడి దగ్గర నుంచి ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటినవాటిని అమ్ముకునే వెసులుబాటిస్తూ, అంటే ఫ్రీహోల్డ్ చేస్తూ, 2023లో సవరణ తెచ్చారు. తర్వాత ప్రభుత్వం మారింది, విచారణలు మొదలై ఆ రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. "ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్" అనే మాటను నమ్మి మాత్రం డబ్బు తీయొద్దు. నాయుడుపేట పక్కన స్వర్ణముఖి పారుతుంది. నది పోరంబోకు, వాగు పోరంబోకు, చెరువు భూమి అన్న మాటలు అడంగల్‌లో కనిపిస్తే, ధర ఎంత చవకగా ఉన్నా అటు చూడొద్దు. ఇవన్నీ ఒకచోట చూసుకోవడానికి ఒక జాబితా ఉంది: ట్వంటీటూ ఏ. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితా. మీ సర్వే నంబరు అందులో ఉందేమో ముందు చూడండి. టీ తాగడానికి పట్టినంత సేపు కూడా పట్టదు. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం నంబర్లు (ల్యాండ్ పార్శిల్ మ్యాప్ నంబర్లు) వచ్చాయి కనుక పాత నంబరూ కొత్త నంబరూ రెండూ అడిగి తీసుకోండి.

చెక్కుబందీ చదివే అలవాటు మనకి బొత్తిగా లేదు. దస్తావేజు చివర తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు వరుసలుంటాయి, అదే. ఒకసారి ఒక పాత దస్తావేజులో "పడమర: వేపచెట్టు, దాని ఆవల కాలువ" అని చదివాను. స్థలం దగ్గరికి వెళ్తే వేపచెట్టు లేదు. మొద్దు కూడా లేదు. పక్క స్థలం ఆయన్ని అడిగితే, "అది మా నాయనప్పుడే కొట్టేశారయ్యా" అని, తన గోడకి ఇవతలున్న ఒక చోటు చూపించాడు. గోడ ఎప్పుడు కట్టారని అడిగితే నవ్వాడు. విస్తీర్ణానికీ హద్దులకీ పేచీ వస్తే కోర్టులు మామూలుగా హద్దులకే విలువిస్తాయి. అందుకని దస్తావేజు చేతిలో పట్టుకుని ఆ నాలుగు వైపులా మీరే నడవండి. ఇరుగుపొరుగుని పలకరించండి. గవర్నమెంటు సర్వేయరు చెప్పని సంగతులు పక్కింటి ముసలమ్మ చెబుతుంది.

లేఅవుట్ల దగ్గరికి వస్తే, నాయుడుపేట చుట్టుపక్కల బోర్డుల మీద ఎక్కువగా కనిపించే మాట "సెజ్ దగ్గర". మేనకూరు సెజ్ నిజంగానే ఉంది, ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. కానీ సెజ్ లోపలి భూమిని యూనిట్లకు లీజుకే ఇస్తారు, అమ్మరు, నిబంధనే అది. బయట మీకు అమ్మే ప్లాటుకు సెజ్ పేరు తోడు రావడమే తప్ప, సెజ్ హక్కు ఏదీ రాదు. "దగ్గర" అంటే ఎన్ని కిలోమీటర్లని అడిగితే ఏజెంటు నిమిషాల్లో జవాబు చెబుతాడు, గమనించారా? "పది నిమిషాల డ్రైవ్." మళ్లీ కొలత మార్చేశాడు.

అక్కడ అడగాల్సినవి రెండు మాటలు. ఒకటి, అనుమతి పొందిన లేఅవుట్ నంబరు, ఎల్‌పీ నంబరు. అప్రూవ్డ్ అన్న మాట కాదు, నంబరే కావాలి. 500 చదరపు మీటర్లు మించిన వెంచరైతే రెరా నంబరు కూడా ఉండాలి. రెండోది మార్టిగేజ్ ప్లాటు. రోడ్లు, కాలువలు వేస్తానని హామీగా వ్యాపారి కొన్ని ప్లాట్లు అధికారులకు తనఖా పెడతాడు. పనులు పూర్తిచేశాక విడుదల చేస్తారు. ఆ విడుదలకు ముందే వాటిని తక్కువ ధరకు అమ్మేవాళ్లు ఉంటారు. మీకిచ్చిన ధర పక్క ప్లాటు కంటే చవకగా ఉంటే సంతోషపడే ముందు ప్లాను తెప్పించి ఆ నంబరు తనఖాలో ఉందేమో చూడండి. పార్కు కోసం వదిలిన జాగాలో ప్లాటు కొన్నవాళ్లు కూడా ఉన్నారు. పాపం, వాళ్ల ఇంటి ముందు పచ్చదనం ఉంటుందని చెప్పారట.

డబ్బు చేతులు మారేటప్పుడు వినబడే మాటలు: టోకెను, బయానా, అగ్రిమెంటు. టోకెను, బయానా అంటే వేరు వేరని వాదించేవాళ్లున్నారు. నాకు తెలిసినంతలో తిరిగి రావడం కష్టమైన డబ్బుకు రెండూ రెండు పేర్లు. రశీదులో ఏం రాశారన్నదే ముఖ్యం. అగ్రిమెంటు ఆఫ్ సేల్ అంటే అమ్ముతానని ఒప్పుకోవడం. అది అమ్మకం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆ కాగితంతో ఆస్తి మీద హక్కేమీ పుట్టదని స్పష్టంగా చెప్పింది. ఒప్పుకున్న గడువు దాటాక మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లకపోతే ఆ కాగితం బలం కూడా పోతుంది. చాలామంది అగ్రిమెంటు బీరువాలో పెట్టుకుని, "రేటు పెరిగాక రిజిస్ట్రేషన్ చేయించుకుందాం" అని ఐదేళ్లు కూర్చుంటారు. రేటు పెరుగుతుంది, అమ్మేవాడి మనసు మారుతుంది. వెంచర్లలో, ఫ్లాట్లలో రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టం చెబుతోంది. ఈ మాట అవతలివాళ్లకు మర్యాదగా గుర్తు చేయొచ్చు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొన్నానని ఇంకా అనేవాళ్లు కనబడుతున్నారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు జీపీఏతో ఆస్తి హక్కు బదిలీ కాదని తేల్చేసింది. అంతకంటే చెప్పేదేం లేదు. అమ్మకం అంటే రిజిస్టరైన క్రయ దస్తావేజే. అందుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నేను ఇది రాసేనాటికి ఆంధ్రలో 7.5 శాతం. ప్రభుత్వం ఆ ప్రాంతానికి కట్టిన మార్కెట్ విలువ, మీరిచ్చే ధర, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. తక్కువ ధర రాయించమని సలహా ఇచ్చేవాళ్లు రేపు మీరు అమ్మేటప్పుడు పక్కన ఉండరు.

కొనడం కుదరక అద్దెకు దిగేవాళ్లు ఈ బాధలేవీ లేవనుకుంటారు. సరిగ్గా ఇక్కడే అంకణం లాంటి మాట ఇంకొకటుంది: లీజు.

షాపు యజమానికి లీజంటే కొన్నేళ్లకు అద్దె ఒప్పందం. రైతుకు అది కౌలు, దానికి వేరే చట్టాలున్నాయి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కౌలురైతుకు కార్డు వస్తుంది, భూమి హక్కు మాత్రం యజమానిదే. చెన్నైలోనో బెంగళూరులోనో పనిచేసి వచ్చినవాళ్లు "లీజుకు తీసుకున్నా" అంటే ఇంకో అర్థం: నాలుగైదు లక్షలు ఒకేసారి యజమానికిచ్చి, అద్దె లేకుండా ఉండి, ఖాళీ చేసేటప్పుడు అంతా వెనక్కి తీసుకోవడం. మన తిరుపతి, చిత్తూరు వైపు దాన్ని భోగ్యం అంటారు. చట్టం కళ్లకు చాలాసార్లు అది అద్దె కాదు, స్వాధీనంతో కూడిన తనఖా. అందుకని దాన్ని రిజిస్టరు చేయించుకోవాలి. చేయించుకోకపోతే, యజమాని ఆ ఇంటి మీద బ్యాంకులో అప్పు తీసుకుని ఎగ్గొట్టినప్పుడు వేలం నోటీసు మీ తలుపుకే అంటిస్తారు. మీ నాలుగు లక్షలు మీరు వెతుక్కోవాలి.

పదకొండు నెలలకే రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ నమ్ముతారు. కేంద్ర చట్టం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ ఏడాది అన్న షరతు తీసేసి, లీజులన్నిటినీ ఆ పరిధిలోకి తెచ్చింది. ఎవరూ పాటించరు. పేచీ వచ్చి కోర్టులో కాగితం చూపించినప్పుడే అది గుర్తొస్తుంది. ఇల్లు ఖాళీ చేయించేటప్పుడు, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి.

కొత్తగా దుకాణం పెట్టేవాళ్లకి గుడ్‌విల్ అనే మాట ఎదురవుతుంది. అడ్వాన్సు తిరిగి వస్తుంది, గుడ్‌విల్ రాదు. ఇచ్చిన లక్షలో ఎంత ఏదో కాగితం మీద విడిగా రాయించుకోండి.

మా బావమరిది ఆ నూట ఇరవై గజాల్లోనే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. పోయిన వేసవిలో మెయిన్ రోడ్డు మీద మెడికల్ షాపుకని గది చూడటానికి నన్ను మళ్లీ తీసుకెళ్లాడు. రిటైరైన మాస్టారు ఆ భవనం యజమాని. "లీజుకిస్తాను నాయనా, మూడు లక్షలు" అన్నాడు. నేను నోరు మెదపలేదు. ఈసారి తల కూడా ఊపలేదు.

"లీజంటే నెలనెలా అద్దె కాకుండా మొత్తం తిరిగొచ్చే పద్ధతా మాస్టారూ, లేకపోతే అడ్వాన్సా?" అన్నాడు మావాడు.

మాస్టారు కాసేపు ఆలోచించాడు. "నాకూ సరిగ్గా తెలియదయ్యా. మా అల్లుడు చెన్నై నుంచి అట్టా చెప్పమన్నాడు. వాణ్ని అడిగి చెబుతా" అని ఫోను తీశాడు.

అల్లుడు ఎత్తేలోపు మావాడు స్కూటర్ డిక్కీలోంచి టేపు తీశాడు. అప్పటి నుంచీ అది అక్కడే ఉంటోంది. ఒక కొస నా చేతికిచ్చి షట్టరు దగ్గర పట్టుకోమన్నాడు. నేను వంగి పట్టుకున్నాను.

"ఎక్కడి నుంచి బావా, షట్టరు లోపలి నుంచా, మెట్టు అంచు నుంచా?" అని వెనక గోడ దగ్గర నుంచి అరిచాడు. నేను మాస్టారి వంక చూశాను. ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, మెట్టు వంకా షట్టరు వంకా మార్చి మార్చి చూస్తున్నాడు.